మన మెయిల్ నుంచే మోసం మెయిల్ వెళ్ళింది, పాస్‌వర్డ్ మార్చేశాం. సరిపోతుందా?

మీరు అడిగింది ఇది. గుంటూరులో మిర్చి, పసుపు ఎగుమతి వ్యాపారం, మొత్తం ఆరుగురు. అకౌంట్స్ చూసే అమ్మాయి తెనాలిలో ఇంటి నుంచి, డాక్యుమెంటేషన్ చూసే అబ్బాయి హైదరాబాద్ నుంచి పనిచేస్తారు. మలేషియాలో సరుకు కొనే పార్టీతో నడుస్తున్న మెయిల్ ట్రెయిల్‌లోనే (ఒకదాని కింద ఒకటిగా సాగే జవాబుల వరసలోనే) "మా పాత ఖాతా ఆడిట్‌లో ఉంది, బ్యాలెన్స్ ఈ కొత్త ఖాతాకు టీటీ (బ్యాంకు బదిలీ) చేయండి" అని ఒక మెయిల్ వెళ్ళింది. ఆయన 18,400 డాలర్లు పంపేశాడు. ఇప్పుడు "మెయిల్ మీ దగ్గర్నుంచే వచ్చింది, బాధ్యత మీదే" అంటున్నాడు. మీరు పాస్‌వర్డ్ మార్చారు, యాంటీవైరస్‌తో స్కాన్ చేయించారు. ఇంతటితో సరిపోతుందా, ఇకపై ఏం చేయాలి అన్నది మీ ప్రశ్న.

చిన్న కంపెనీలకు మెయిల్, సర్వర్ల పని 19 ఏళ్ళుగా చూస్తున్నాను. సూటిగా చెబుతాను: సరిపోదు. ఇలాంటి మోసంలో దొంగ మెయిల్ పంపిన రోజు లోపలికి వచ్చి ఉండడు. వారాల ముందే వచ్చి కూర్చుని, ఏ కంటైనర్ ఎప్పుడు కదులుతోంది, అడ్వాన్స్ ఎంత, బ్యాలెన్స్ ఎప్పుడు, మీరు పార్టీని ఎలా పలకరిస్తారు అన్నీ చదువుకుని, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడెక్కిందని ఇచ్చే రసీదు) కాపీ వెళ్ళే సమయం కోసం కాచుకుని ఉంటాడు. అన్ని రోజులున్నవాడు బయటికి పోయినా మళ్ళీ వచ్చే దారి ఒకటి పెట్టుకునే ఉంటాడు. ఆ దారి వెతకడమే అసలు పని.

కానీ ముందు డబ్బు. మిగతావి రేపు చేసుకోవచ్చు, ఇది ఈ రోజే. మలేషియా పార్టీ తన బ్యాంకుకు వెళ్ళి, మోసం జరిగిందని రాసిచ్చి, స్విఫ్ట్ రీకాల్ (పంపిన డబ్బు వెనక్కి రప్పించమనే అభ్యర్థన) పెట్టించాలి. మనకు సైబర్ మోసాల ఫిర్యాదుకు 1930 ఉన్నట్టే అక్కడ 997 ఉంది, నేషనల్ స్కామ్ రెస్పాన్స్ సెంటర్ నంబరు. ఆయన అక్కడికి కూడా ఫోన్ చేయాలి. ఎవరిది బాధ్యత అన్న వాదన తర్వాత పెట్టుకోవచ్చని ఆయనతో మర్యాదగానే చెప్పండి. ఆ వాదనలో గడిచే ప్రతి గంటా దొంగకే లాభం, అవతలి ఖాతాలో డబ్బు ఎక్కువసేపు ఉండదు.

మీ వైపు నుంచి జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో, మా మెయిల్‌లోకి అనుమతి లేకుండా చొరబడ్డారని, మా పేరుతో మోసం చేశారని ఫిర్యాదు పెట్టండి. డబ్బు పోయింది మీది కాదు కదా అని ఊరుకోవద్దు. ఆ అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబరు మీకు బ్యాంకు దగ్గర, పార్టీ దగ్గర రెండుచోట్లా పనికొస్తుంది. మీ ఏడీ బ్యాంకుకు (ఎగుమతి డబ్బు వచ్చే మీ విదేశీ మారకపు బ్యాంకుకు) కూడా ఒక లేఖ ఇవ్వండి. షిప్పింగ్ బిల్లు మీద డబ్బు రాకపోతే ఈడీపీఎంఎస్‌లో (ఎగుమతుల డబ్బు వచ్చిందో లేదో చూసే రిజర్వ్ బ్యాంకు వ్యవస్థలో) ఆ ఎంట్రీ పెండింగ్ పడిపోతుంది, ఆరు నెలల తర్వాత సంజాయిషీ ఇచ్చుకోవడం కంటే ఇప్పుడే కాగితం ఉండటం మేలు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి చొరబాటు గమనించిన 6 గంటల్లో వాళ్ళకు తెలియజేయాలి. గడువు దాటినా పంపండి, అసలు పంపకపోవడం కంటే నయం.

ఇక రెండో సంగతి. "మీ మెయిల్ నుంచే వచ్చింది" అన్న మాటను ఇంకా ఒప్పుకోవద్దు, కాదనీ అనొద్దు. ముందు తేల్చుకోవాలి. పార్టీని స్క్రీన్‌షాట్ అడక్కండి. ఫార్వార్డ్ కూడా చేయించుకోకండి, ఫార్వార్డ్ చేస్తే మనకు కావాల్సిన వివరాలే రాలిపోతాయి. ఆ మెయిల్‌ను ఈఎమ్ఎల్ ఫైలుగా (లోపలి వివరాలన్నీ ఉండే రూపంలో) డౌన్‌లోడ్ చేసి పంపమనండి. ఆయనది జీమెయిల్ అయితే మెయిల్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి "షో ఒరిజినల్" అంటే పైన ఒక పట్టీ వస్తుంది. అందులో ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని, మెయిల్ నిజంగా ఆ పేరువాళ్ళదేనా అని చూసే పరీక్షలు మూడు వరసలుగా, పక్కన పాస్ లేదా ఫెయిల్ అని ఉంటుంది.

మూడూ పాస్ అయ్యి, డొమైన్ (మెయిల్ అడ్రసులో @ తర్వాతి భాగం) అక్షరాలా మీదే అయితే మెయిల్ నిజంగానే మీ పెట్టెలోంచి వెళ్ళింది. మూడూ పాస్ అయినా డొమైన్‌లో ఒక అక్షరం తేడా ఉంటే అది వాడు కొనుక్కున్న నకిలీ డొమైన్. ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే కొన్ని ఫాంట్లలో ఎం లాగే కనిపిస్తుంది. ఎల్ అక్షరం బదులు ఒకటి అంకె పెడతారు. మీ కంపెనీ పేరు చివర ఒక ఎస్ తగిలిస్తారు. ఫోన్‌లో చూసే మనిషికి పంపినవారి పేరు తప్ప అడ్రసు కనపడదు, అక్కడే దెబ్బ పడుతుంది. ఈ రెండో రకం అయితే ట్రెయిల్ ఎవరి పెట్టెలోంచి కారిందో అప్పుడే చెప్పలేం, పార్టీ మెయిల్‌లోంచి కూడా కారి ఉండొచ్చు. డీమార్క్ ఫెయిల్ అయితే చాలావరకు ఎవరో మీ పేరు రాసి బయటినుంచి పంపి ఉంటారు. అప్పుడు రిప్లయ్-టూ అడ్రసు చూడండి, జవాబు వేరే ఎవరికో పోయేలా పెట్టి ఉంటాడు.

ఆ మెయిల్‌తో వచ్చిన ఇన్‌వాయిస్ పీడీఎఫ్ ప్రాపర్టీస్ కూడా తెరిచి చూడండి. మీరు టాలీలోంచి తీసిన పీడీఎఫ్‌కి ఒక తేదీ, తయారుచేసిన సాఫ్ట్‌వేర్ పేరు ఉంటాయి. మార్చినదానికి వేరే తేదీ, ఏదో పీడీఎఫ్ ఎడిటర్ పేరు ఉండొచ్చు. రెండూ పక్కపక్కన ప్రింట్ తీసి ఫిర్యాదుకు జత చేయండి.

ఇప్పుడు మీ పెట్టె లోపలికి వెళ్దాం. ఇది ఫోన్‌లో కాదు, కంప్యూటర్ బ్రౌజర్‌లో చేయాలి. జీమెయిల్ సెట్టింగ్స్‌లో "ఫిల్టర్స్ అండ్ బ్లాక్డ్ అడ్రసెస్" తెరవండి. మీరు పెట్టని ఫిల్టర్ ఒకటి కనిపించే అవకాశం చాలా ఉంది. పోయిన ఏడాది ఒక మోటారు పంపుల స్పేర్ పార్టుల వ్యాపారికి చూశాను. ఆయన పెట్టెలో ఒక ఫిల్టర్ ఉంది: ఫలానా పార్టీ డొమైన్ నుంచి ఏ మెయిల్ వచ్చినా ఇన్‌బాక్స్‌లో పడకుండా, చదివినట్టు గుర్తు పెట్టి, ఆర్కైవ్‌లోకి తోసెయ్. అంతే, ఒక్క వరస. ఆ పార్టీ "కొత్త ఖాతా ఏంటండీ, నిజమేనా?" అని రెండుసార్లు అడిగాడు. ఆ రెండూ ఈయన కళ్ళపడలేదు, జవాబులు మాత్రం ఈయన పేరుతో ఠంచనుగా వెళ్ళాయి. ఆ వ్యాపారి మూడు సార్లు పాస్‌వర్డ్ మార్చాడు. ఫిల్టర్ మాత్రం అలాగే ఉంది, ఎందుకంటే పాస్‌వర్డ్ మారినా ఫిల్టర్ చెరగదు. మైక్రోసాఫ్ట్ ఔట్‌లుక్ వాడేవాళ్ళయితే "రూల్స్"లో చూడాలి. అక్కడ దొంగలు మెయిళ్ళను "ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్స్" అనే ఫోల్డర్‌లోకి మళ్ళిస్తుంటారు, అది ఎవరూ తెరవరని వాళ్ళకు తెలుసు.

ఫిల్టర్ కనిపిస్తే తొందరపడి తీసేయకండి. ముందు తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్ మొత్తం ఫొటో తీసి పెట్టుకుని, తర్వాత తీయండి. "ఫార్వార్డింగ్ అండ్ పాప్ ఐమ్యాప్" పేజీలో కొత్త అడ్రసుకు ఫార్వార్డ్ ఉందా, పాప్ (మెయిళ్ళను వేరే ప్రోగ్రామ్‌లోకి దించుకునే దారి) ఎవరైనా ఆన్ చేశారా చూడండి. "అకౌంట్స్" పేజీలో మీ పెట్టె చదివే హక్కు ఇంకెవరికైనా ఇచ్చి ఉందా చూడండి. గూగుల్ ఖాతా సెక్యూరిటీ పేజీలో రికవరీ ఫోన్, రికవరీ మెయిల్ మీవేనా, యాప్ పాస్‌వర్డ్‌లు (వేరే ప్రోగ్రాములు మెయిల్ తెరవడానికి ఇచ్చే విడి పాస్‌వర్డ్‌లు) ఏమైనా పుట్టాయా, మీ మెయిల్ చదివే అనుమతి ఏ యాప్‌లకు ఉంది అన్నవి చూడండి. ఇన్‌బాక్స్ అడుగున కుడివైపు మూలలో "డీటెయిల్స్" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. నొక్కితే ఈమధ్య ఏ చోటు నుంచి, ఏ ఐపీ (ఇంటర్నెట్ చిరునామా) నుంచి తెరిచారో వస్తుంది. ట్రాష్ ఈ రోజే చూడండి, అందులో పడ్డవి 30 రోజుల తర్వాత వాటంతటవే పోతాయి, వాడు పంపి చెరిపేసిన మెయిళ్ళు అక్కడే ఉండొచ్చు. మీది సొంత డొమైన్ మీద గూగుల్ వర్క్‌స్పేస్ (కంపెనీలకు ఇచ్చే జీమెయిల్) అయితే అడ్మిన్ కన్సోల్‌లో లాగ్‌లు (ఎవరు ఎప్పుడు ఏం చేశారన్న చిట్టాలు) దొరుకుతాయి. అవి ఎల్లకాలం ఉండవు, దించుకుని పెట్టుకోండి.

ఆ తర్వాత అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ చేయించి, అప్పుడు పాస్‌వర్డ్ మార్చాలి. ఇక్కడే మీకో ప్రశ్న. మీరు పాస్‌వర్డ్ ఏ కంప్యూటర్ నుంచి మార్చారు?

ఇది ఎందుకు అడుగుతున్నానంటే, తెనాలిలో ఉన్న అమ్మాయి సొంత ల్యాప్‌టాప్ వాడుతోందన్నారు, ఇంట్లో తమ్ముడూ దాని మీదే గేములు ఆడతాడన్నారు. క్రాక్ చేసిన గేము, ఉచితంగా దొరికిన ఆఫీస్ యాక్టివేటర్, ఇలాంటివాటితో పాటు సమాచారం దొంగిలించే చిన్న ప్రోగ్రామ్ వస్తుంది. అది వచ్చి బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లన్నీ, లాగిన్ కుకీలన్నీ నిమిషాల్లో ఎత్తుకుపోతుంది. వాటిలో కొన్ని పని ముగిశాక తమను తామే చెరిపేసుకుంటాయి కూడా, తర్వాత స్కాన్ చేస్తే ఏమీ కనపడదు. వాటిలో లుమా అనే ఒక్క రకమే 2025 మార్చి 16 నుంచి మే 16 వరకు 3,94,000కు పైగా విండోస్ కంప్యూటర్లలో చేరిందని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది. కుకీ పోతే ఓటీపీ కూడా కాపాడదు. మీరు ఓటీపీ కొట్టి లోపలికి వచ్చాక బ్రౌజర్‌కి ఇచ్చిన చీటీ అది, దాన్ని పట్టుకుని వాడు నేరుగా లోపలికి నడిచి వచ్చేస్తాడు. అలాంటి ల్యాప్‌టాప్ మీద కొత్త పాస్‌వర్డ్ పెడితే ఆ కొత్తదీ వాడి చేతికే పోతుంది.

కాబట్టి వరస ముఖ్యం. అనుమానం ఉన్న ల్యాప్‌టాప్‌ను ముందు ఇంటర్నెట్ నుంచి తీసేయండి. అందులోని ఫైళ్ళు కాపీ చేసుకుని విండోస్ మొత్తం కొత్తగా వేయించండి, స్కాన్‌తో సరిపెట్టుకోవద్దు. ఈలోగా నమ్మకమున్న వేరే కంప్యూటర్ నుంచి మెయిల్, బ్యాంకు, జీఎస్టీ పోర్టల్, ఐస్‌గేట్ (కస్టమ్స్ పోర్టల్), డొమైన్ కొన్న చోటు, అన్నిటి పాస్‌వర్డ్‌లూ మార్చండి. మెయిల్ మొదట, ఎందుకంటే మిగతా అన్నిటికీ "ఫర్‌గాట్ పాస్‌వర్డ్" లింకు దానికే వస్తుంది.

ఆ అమ్మాయిని కోప్పడొద్దు. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు. కొన్నేళ్ళ క్రితం ఒక మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర బిల్లింగ్ కుర్రాడు నకిలీ లాగిన్ పేజీలో పాస్‌వర్డ్ కొట్టాడు. ఐదు నిమిషాల్లోనే అతనికి అర్థమైంది. అంతకుముందు నెలలో వేరొకరికి చిన్న పొరపాటుకు జీతం కోశారు కాబట్టి భయపడి తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ తొమ్మిది రోజుల్లోనే నష్టమంతా జరిగింది. అతను ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేసి ఉంటే పది నిమిషాల పని. అందుకే నేను పనిచేసే ప్రతిచోటా యజమాని నోటితో సిబ్బంది అందరి ముందూ ఒక మాట చెప్పిస్తాను: తప్పు నొక్కితే వెంటనే చెప్పండి, చెప్పినవాళ్ళకు ఒక్క రూపాయి కోత ఉండదు. మీరూ ఈ వారం చెప్పండి.

ఇక పద్ధతులు. మీ ప్రశ్నలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది, ఎక్స్‌పోర్ట్స్ పేరుతో ఉన్న ఒకే మెయిల్‌ను ఆరుగురూ ఒకే పాస్‌వర్డ్‌తో వాడటం, ఆ పాస్‌వర్డ్ వాట్సాప్ గ్రూపులో ఉండటం. ఓటీపీ మీ ఫోన్‌కి వస్తుంది, మీరు యార్డులో ఉన్నా ఫోన్‌లో చదివి చెబుతారు. దీనివల్ల ఏం జరుగుతోందంటే, ఓటీపీ అడిగితే చదివి చెప్పడం మీ ఆఫీసులో రోజువారీ అలవాటైపోయింది. రేపు మీ గొంతుతో ఎవరో అడిగినా వాళ్ళు చెప్పేస్తారు. ప్రతి ఒక్కరికీ విడిగా ఖాతా ఇవ్వండి, ఎక్స్‌పోర్ట్స్ అడ్రసును గ్రూపుగానో, ఒకరికొకరు హక్కు ఇచ్చుకునే పెట్టెగానో మార్చండి. అప్పుడు ఎవరు ఏ మెయిల్ పంపారో తెలుస్తుంది, మనిషి మానేసిన రోజు ఒక్క ఖాతా ఆపితే సరిపోతుంది. నెలకు మనిషికి కొన్ని వందలు ఎక్కువవుతాయి. 18,400 డాలర్ల పక్కన పెట్టి చూసుకోండి.

రెండో అంచె భద్రత విషయంలో ఎస్‌ఎమ్‌ఎస్ ఓటీపీ, యాప్‌లో వచ్చే ఆరంకెల కోడ్, రెండూ నకిలీ పేజీకి దొరికిపోతాయి. నకిలీ పేజీ మీ దగ్గర కోడ్ తీసుకుని అదే క్షణంలో అసలు పేజీలో కొట్టేస్తుంది. పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు మీ ఫోన్ లేదా కంప్యూటర్ లాక్‌తో తెరిచే పద్ధతి), లేదా యూఎస్‌బీకి గుచ్చే సెక్యూరిటీ కీ అలా దొరకవు. అవి డొమైన్ పేరుతో ముడిపడి ఉంటాయి, పేజీ చూడటానికి ఎంత నిజంలా ఉన్నా అడ్రసు వేరైతే అసలు స్పందించవు. గూగుల్ తన 85,000 మందికి పైగా ఉద్యోగులకు 2017 మొదట్లో ఈ కీలు తప్పనిసరి చేసింది. ఆ తర్వాత పని ఖాతాలు ఒక్కటీ ఫిషింగ్‌కు (నకిలీ పేజీల మోసానికి) దొరకలేదని 2018లో చెప్పింది. మీకు, అకౌంట్స్ అమ్మాయికి తలా రెండు కీలు కొనండి, ఒకటి వాడటానికి, ఒకటి బీరువాలో. మిగతావాళ్ళకు ఫోన్‌లో పాస్‌కీ చాలు.

పాస్‌వర్డ్‌ను మూడు నెలలకోసారి మార్పించే పద్ధతి మానేయండి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా 2017లోనే అది వద్దంది. మార్చమంటే మనవాళ్ళు చివర అంకె ఒకటి పెంచుతారు, అంతే. పొడవైన పాస్‌వర్డ్, చోటుకొకటి, పాస్‌వర్డ్ మేనేజర్‌లో దాచుకోవడం. బయటపడిందని అనుమానం వస్తేనే మార్చడం.

డొమైన్ విషయం. మెయిల్ నడిచే ఎస్‌ఎమ్‌టీపీ పద్ధతి 1982 నాటిది. ఇన్‌లాండ్ లెటర్ మీద పంపినవారి చిరునామా ఎవరు ఏం రాసినా పోస్టాఫీసు అడగనట్టే, అందులోనూ అడిగేవాళ్ళు లేరు. ఆ లోటు పూడ్చడానికే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ వచ్చాయి. మీ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే పట్టీ ఎస్‌పీఎఫ్. మెయిల్ మీద వేసే ముద్ర డీకిమ్. ఈ రెండిట్లో ఒక్కటైనా పాసై, అది మెయిల్ మీద కనిపించే డొమైన్‌తో కలవాలి, లేకపోతే మెయిల్‌ను ఏం చేయాలో అవతలివాళ్ళకు చెప్పేది డీమార్క్. మూడూ మీ డొమైన్ డీఎన్‌ఎస్‌లో (డొమైన్ వివరాలు అందరికీ చెప్పే పట్టికలో) రాసే వరసలే, తెలిసినవాళ్ళకు ఒక పూట పని. తరచుగా చూసే తప్పులు రెండు: ఎస్‌పీఎఫ్ వరసలు రెండు పెట్టడం, అప్పుడు రెండూ చెల్లవు; బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, వెబ్‌సైట్ ఫారం, బల్క్ మెయిల్ అన్నిటినీ ఎస్‌పీఎఫ్‌లో చేర్చుకుంటూ పోయి 10 డీఎన్‌ఎస్ లుకప్‌ల (వెతుకులాటల) పరిమితి దాటించడం. డీమార్క్‌ను మొదట "నన్" అని పెట్టి కొన్ని వారాలు రిపోర్టులు చూసి, మీ అసలు మెయిళ్ళేవీ ఆగడం లేదని తేలాక "క్వారంటైన్", ఆ తర్వాత "రిజెక్ట్" చేయాలి. చాలా కంపెనీలు "నన్" దగ్గరే వదిలేసి డీమార్క్ ఉందని ధైర్యంగా ఉంటాయి. ఆ స్థితిలో అది చూస్తుందే తప్ప ఆపదు. గూగుల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి భారీ సంఖ్యలో (గూగుల్ లెక్కలో రోజుకు దాదాపు 5,000) మెయిళ్ళు పంపేవాళ్ళకు ఈ మూడూ తప్పనిసరి చేశాయి. మీరు అన్ని పంపరు, అయినా పెట్టుకోండి. దొంగ మీ పెట్టెలోనే కూర్చుని పంపితే మాత్రం ఇవి ఏమీ చేయలేవు, అక్షరం తేడాతో కొన్న నకిలీ డొమైన్‌నూ ఆపలేవు. డీమార్క్ ఒక్కటి పెడితే ఇక మోసమే జరగదని అమ్మేవాళ్ళ మాట నమ్మొద్దు.

అందుకే నా లెక్కలో అన్నిటికంటే పెద్ద రక్షణ టెక్నాలజీ కాదు, ఒక ఫోన్ కాల్. ఖాతా నంబరు మారింది అన్న మాట మెయిల్‌లో వచ్చినా, వాట్సాప్‌లో వచ్చినా, దాన్ని పాత నంబరుకు మనమే ఫోన్ చేసి నిర్ధారించుకోవాలి. ఆ మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు కాదు, కాంట్రాక్టు కాగితం మీద ఉన్న నంబరుకు. వాళ్ళు చేసిన ఫోన్ లెక్కలోకి రాదు, మనం చేసిన ఫోనే లెక్క. వీడియో కాల్‌లో ముఖం చూశాం కదా అన్నా కుదరదు. ఆరప్ అనే ఇంజినీరింగ్ సంస్థ హాంకాంగ్ ఆఫీసులో ఒక ఉద్యోగి, పై అధికారులు కనిపించిన వీడియో సమావేశం నమ్మి 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు బదిలీ చేశాడు, ఆ ముఖాలన్నీ డీప్‌ఫేక్‌లని 2024లో బయటపడింది. అంత పెద్ద సంస్థలే మోసపోయాయి కాబట్టి మీ పార్టీని మూర్ఖుడనుకోకండి. గూగుల్, ఫేస్‌బుక్ సంస్థలే 2013 నుంచి 2015 వరకు ఒక లిథువేనియా మనిషి పంపిన నకిలీ ఇన్‌వాయిస్‌లకు 10 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాయి.

మీ ప్రొఫార్మా మీద, ఇన్‌వాయిస్ మీద, మెయిల్ సంతకం కింద ఈ వాక్యం పెట్టండి: "మా బ్యాంకు ఖాతా మారితే మెయిల్‌లో చెప్పం. ఖాతా మార్పు కోరుతూ మెయిల్ వస్తే డబ్బు పంపకుండా కాంట్రాక్టులోని నంబరుకు ఫోన్ చేయండి." కాంట్రాక్టులో కూడా ఇదే షరతుగా రాయించుకుంటే, ఈసారి లాంటి బాధ్యత వాదన వచ్చినప్పుడు మీ చేతిలో కాగితం ఉంటుంది. మన దేశంలోపల చెల్లింపులకు ఇంకో సదుపాయం ఉంది. రిజర్వ్ బ్యాంకు ఆదేశంతో 2025 ఏప్రిల్ 1 నాటికి ఆర్‌టీజీఎస్, నెఫ్ట్‌లలో డబ్బు పంపేముందు ఖాతాదారు పేరు చూసుకునే వీలు బ్యాంకులు ఇవ్వాలి. కమీషన్ ఏజెంటుకు, లారీ ట్రాన్స్‌పోర్టుకు కొత్త ఖాతా చేర్చేటప్పుడు ఆ పేరు చదివి, సరిపోతేనే ముందుకెళ్ళమని అకౌంట్స్ అమ్మాయికి చెప్పండి. పెద్ద మొత్తాలకు ఒకరు ఎంటర్ చేయడం, ఇంకొకరు ఆమోదించడం పెట్టండి, కరెంట్ ఖాతాలకు బ్యాంకులు ఆ ఏర్పాటు చేస్తాయి.

ఇంటి నుంచి పనిచేసేవాళ్ళ సంగతి. కంపెనీ ల్యాప్‌టాప్ కొనివ్వడం ఉత్తమం. కుదరకపోతే అదే ల్యాప్‌టాప్‌లో ఆఫీసు పనికి విడిగా విండోస్ యూజర్ పెట్టి, తమ్ముడి యూజర్‌కి అడ్మిన్ హక్కు తీసేయండి. బ్రౌజర్‌లో పాస్‌వర్డ్‌లు దాచుకోవడం ఆపేయించండి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, ఇంకా అదే ఉంటే మార్చండి. ఇంటి రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ కంపెనీ నుంచి వచ్చినదే ఉంటుంది, అదీ మార్చండి. ఆఫీసు కంప్యూటర్‌లోని టాలీని ఇంటి నుంచి తెరవడానికి రిమోట్ డెస్క్‌టాప్ పోర్టును రౌటర్‌లో నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టారేమో ఈ రోజే చూడండి. అలా తెరిచి ఉంటే, పాస్‌వర్డ్‌లు వరసపెట్టి ప్రయత్నించే ప్రోగ్రాములు రాత్రింబవళ్ళు దాని మీద పడుతూ ఉంటాయి. వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి మీవాళ్ళకు మాత్రమే ఉండే రక్షిత దారి) ద్వారా మాత్రమే తెరుచుకునేలా మార్పించండి. డబ్బులిచ్చి కొనే వీపీఎన్ యాప్‌ల ప్రకటనలు వేరే సంగతి, అవి మీ సమస్యకు మందు కావు.

అందరూ మరిచిపోయేది అటాచ్‌మెంట్లు. దొంగ మీ పెట్టెలో ఉన్నన్నాళ్ళు చదివింది ఇన్‌వాయిస్‌లు ఒక్కటే కాదు. రైతుల ఆధార్ కాపీలు, బ్యాంకు పాసుపుస్తకాల మొదటి పేజీలు, పట్టాదారు పాసుపుస్తకాలు, మీ పాన్, సిబ్బంది కాగితాలు, అన్నీ ఏళ్ళ తరబడి అందులోనే ఉన్నాయి. "పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంది కదా" అంటారు. ఈ-ఆధార్ పాస్‌వర్డ్ ఏమిటి? పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే ఏఐఎస్ (ఏడాది లావాదేవీల వివరాలు) ఫైలు పాస్‌వర్డ్ పాన్ నంబరు, పుట్టిన తేదీ. ఆ రెండూ పాన్ కార్డు మీదే అచ్చయి ఉంటాయి. ఆడిటర్‌కి పంపేటప్పుడు ఏఐఎస్, పాన్ కార్డు స్కాన్ ఒకే మెయిల్‌కి జతచేస్తాం. తాళమూ తాళంచెవీ ఒకే సంచిలో పెట్టి పంపడం ఇది. ఇలాంటివి మెయిల్‌లో పంపడం మానేసి, ఫలానా మనిషికి మాత్రమే తెరుచుకునే డ్రైవ్ ఫోల్డర్‌లో పెట్టండి, "లింకు ఉన్న ఎవరైనా" అన్న ఎంపిక వద్దు. తప్పక పంపాల్సి వస్తే మీరే కొత్త పాస్‌వర్డ్ పెట్టి, అది ఫోన్‌లో చెప్పండి. గుర్తింపుకు ఆధార్ అడిగినప్పుడు చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ తీసుకోండి. పని అయిపోయిన కాపీలు మెయిల్‌లోంచి చెరిపేయండి. లేనిదాన్ని ఎవరూ దొంగిలించలేరు.

ఇది చట్టం విషయం కూడా. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి, ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు పెట్టారు. తగిన భద్రత పెట్టకపోతే గరిష్ఠ జరిమానా 250 కోట్ల రూపాయలు. ఆరుగురున్న కంపెనీకి అంత వేస్తారని భయపెట్టడం లేదు. కానీ డేటా కారితే ఆ మనుషులకూ, డేటా రక్షణ బోర్డుకూ చెప్పాల్సిన బాధ్యత చిన్న కంపెనీకి కూడా వస్తుంది. ఏ రైతు కాగితాలు మీ దగ్గర ఉన్నాయో జాబితా లేకపోతే ఎవరికని చెబుతారు? ఆ జాబితా ఇప్పుడే మొదలుపెట్టండి.

బ్యాకప్ గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. లోపలికి వచ్చినవాడు డబ్బు మోసంతో ఆగకపోవచ్చు, వెళ్తూ వెళ్తూ ఫైళ్ళన్నిటికీ తాళం వేసి బేరం పెట్టొచ్చు. 2017 మే నెలలో ఇలా ఫైళ్ళకు తాళం వేసే వాన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. టాలీ బ్యాకప్ కంప్యూటర్‌కి ఎప్పుడూ గుచ్చి ఉండే పెన్‌డ్రైవ్‌లో ఉంటే దానికీ అదే గతి. డ్రైవ్‌లో సింక్ అవుతోంది అన్నా అంతే, పాడైన ఫైలే పైకి సింక్ అవుతుంది. రెండు హార్డ్‌డిస్క్‌లు కొని వారం మార్చి వారం వాడండి, కాపీ అవగానే పీకి ఒకటి ఇంటికి తీసుకెళ్ళండి. నెలకోసారి ఆ కాపీని వేరే కంప్యూటర్‌లో తెరిచి, నిన్నటి వోచర్ కనిపిస్తోందో లేదో కళ్ళతో చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్ అనను, విరిగిన ఫైళ్ళు దాచుకున్న డిస్క్‌లు ఎన్నో చూశాను.

ఈ రాత్రికి మాత్రం మూడే పనులు: మలేషియా పార్టీతో రీకాల్ పెట్టించడం, ఫిల్టర్ల పేజీ ఫొటో, తెనాలి ల్యాప్‌టాప్‌ను నెట్ నుంచి తీయడం. రేపు పొద్దున ఆఫీసుకు వెళ్ళగానే, మీ దగ్గర బ్యాలెన్స్ రావాల్సిన మిగతా పార్టీలందరికీ మీ గొంతుతో ఫోన్ చేయండి. వాడు చదివింది మలేషియా ట్రెయిల్ ఒక్కటే అయి ఉండదు, ఇంకో పార్టీకి కూడా కొత్త ఖాతా మెయిల్ ఇప్పటికే వెళ్ళి ఉండొచ్చు, ఆ డబ్బు ఇంకా కదిలి ఉండకపోవచ్చు.